అడుగుతూ పోతేనే ఊరు తెలుస్తది

కాలేజీలు తెరిచే రోజుల్లో కాజీపేట జంక్షన్‌ నిండా కొత్త ముఖాలే. ఢిల్లీ లైను, విజయవాడ లైను, సికింద్రాబాద్ లైను కలిసే చోటు కాబట్టి ఎక్కడెక్కడి పిల్లలూ ఇక్కడే రైలు దిగుతారు. వరంగల్ ఎన్‌ఐటీలో సీటొచ్చి బీహార్ నుంచో కేరళ నుంచో వచ్చినవాళ్లు కొందరు, స్కాలర్‌షిప్ మీద పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్లు కొందరు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: స్నేహితులు కుదురుకోకముందే ఒక ఆదివారం ఒంటరిగా ఊళ్లోకి పోండి.

పిల్లలు ఇట్లా రావడం ఈనాటిది కాదు. 1959 అక్టోబర్ 10న నెహ్రూ ఇక్కడ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ వరుసలో మొదటిది అదే. సగం సీట్లు సొంత రాష్ట్రానికి, సగం బయటి రాష్ట్రాలకు అన్నది ఆ కళాశాలల పద్ధతి. 2002లో ఎన్‌ఐటీగా మారాక కూడా ఆ సగం లెక్క నిలిచింది. ఒక ప్రాంతం పిల్లలు ఇంకో ప్రాంతంలో నాలుగేళ్లు బతకడం ఆ చదువులో భాగమేనని నేను నమ్ముతాను. కానీ మెస్సు, గ్రౌండు, దుకాణం అన్నీ ప్రహరీ లోపలే ఉన్నప్పుడు ఆ భాగం చదవకుండానే పట్టా చేతికొస్తుంది.

పదిమంది కలిసి వెళ్తే మాటలన్నీ ఆ పదిమంది మధ్యే తిరుగుతాయి. ఒక్కరే వెళ్తే ఎవరినో ఒకరిని అడగక తప్పదు. ఏ బస్సు, ఎక్కడ దిగాలి, ఎంత దూరం అని నోరు తెరవాలి. ఫోను దారి చూపిస్తుంది కానీ, నువ్వెవరు, ఎక్కడినుంచి వచ్చావు, తిన్నావా అని తిరిగి అడగదు. అలా అడిగేది మనిషే. ఒంటరిగా తిరగడంలో ఉన్న ప్రయోజనమంతా ఈ అడగడంలోనే ఉంది.

మొదటి నడక మా మడికొండ నుంచి మొదలుపెట్టమంటాను. హైదరాబాద్ రోడ్డు మీద, కాజీపేటకు ఇవతల, మెట్టుగుట్ట ఉంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రెండు రాతి స్తంభాలు దూరం నుంచే కనిపిస్తాయి. పైన రామలింగేశ్వరుడి గుడి. శివరాత్రికి గుట్టంతా జనమే. మామూలు రోజు పొద్దున్నే ఎక్కి చుట్టూ చూస్తే ఇళ్లు, పొలాలు, రోడ్డు, కొత్తగా వచ్చిన ఐటీ కంపెనీల భవనాలు ఒకదానితో ఒకటి ఎట్లా ఆనుకుని ఉన్నాయో అర్థమవుతుంది. ముందు ఎత్తు నుంచి ఊరి పొందిక కంటికి ఆనితే, తర్వాత సందుల్లో తప్పిపోయినా కంగారు పుట్టదు.

అక్కడినుంచి హన్మకొండ. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. ఖిలా వరంగల్‌కు పోతే నాలుగు తోరణాల దగ్గర ఫొటోలు దిగి అందరూ వెనక్కి మళ్లుతారు. ఒంటరిగా వెళ్లినవాళ్లు ఇంకొంచెం నడవాలి. కోటగోడల లోపల ఇప్పటికీ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, బడికి పోయే పిల్లలున్నారు. కాకతీయుల రాజధానిలో కాపురమున్నవాళ్లతో మాట కలిపితే తెలిసేది ఏ బోర్డు మీదా ఉండదు.

బయటినుంచి వచ్చినవాళ్లు ఈ ఊరికి ఎంత దగ్గర కాగలరో తెలియాలంటే కవి కాళోజీని చూడాలి. 1914 సెప్టెంబర్ 9న కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టారు. తండ్రిది మరాఠీ, తల్లిది కన్నడ. పసితనంలోనే కుటుంబం మడికొండ చేరింది. ఇక్కడి వీధుల్లో, ఇక్కడి జనం నోట విన్న పలుకునే ఆయన కవిత్వం చేశారు. ఆయన పుట్టినరోజునే ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నాలుగేళ్లలో ఎవరూ కాళోజీ కానక్కర్లేదు. కూరగాయల అక్కతో ఆమె మాటలోనే బేరమాడగలిగితే చాలు, ఆ విద్యార్థికి ఈ ఊరు సొంతమైనట్టే.

కొన్ని జాగ్రత్తలున్నాయి. పగటిపూట బయలుదేరాలి. ఎటు పోతున్నదీ హాస్టల్లో ఒకరికి చెప్పాలి. తిరుగు బస్సు ఎప్పుడో దిగినచోటే కనుక్కోవాలి. చిల్లర, నీళ్ల సీసా దగ్గరుంచుకోవాలి. ఒకేరోజు నాలుగు చోట్లు చుట్టేయకుండా, ఒకే చోటికి రెండుసార్లు వెళ్లాలి. మొదటిసారి చోటును చూస్తాం, రెండోసారి అక్కడివాళ్లు మనల్ని గుర్తుపడతారు.

ఇక మిగిలిన పని మనది. అమ్మాయిలు ఒంటరిగా తిరగడం అబ్బాయిలకున్నంత సులువు కాదు. తేరిపార చూసే చూపులు, అక్కర్లేని ఆరాలు వాళ్లను గేటు లోపలే ఉంచేస్తాయి. అది మార్చవలసింది వచ్చినవాళ్లు కాదు, ఇక్కడున్న మనం. కొత్త పిల్ల దారి అడిగితే వంకర ప్రశ్నలు వేయకుండా చెబుదాం. భాష రాదని తెలియగానే హిందీలోకి దూకకుండా, "సీదా పో బిడ్డా, చౌరస్తా కాడ దిగు" అని చేత్తో చూపిస్తూ నిదానంగా మన మాటలోనే అందాం. అడిగే ధైర్యం వాళ్లు చేశారు. ఓపిగ్గా జవాబు చెప్పడం మన వంతు.