సైట్ తిప్పే ముందు

గుండు పక్కకు జారగానే మన పిల్లల చెయ్యి ముందు రైఫిల్ సైట్ మీదికే పోతుంది. రెండు క్లిక్కులు ఇటు, మరో రెండు అటు. నాకు అక్కడే బాధ. లోపం ఎక్కడుందో తేలకముందే సైట్ తిప్పితే ఉన్న తప్పుకు ఇంకోటి తోడవుతుంది. గద్వాల నేతగాడు పోగు తెగితే మగ్గం ఆపుతాడు, తెగినచోటు వెతికి ముడివేశాకే మళ్లీ నాడె విసురుతాడు. రేంజిలోనూ ఆ ఓపికే కావాలి.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. ఇంత సన్నటి లెక్కలో ఒక్క స్క్రూ వదులైనా చాలు. అందుకే రైఫిల్‌ను రెస్ట్ మీద ఆనించి ఐదు గుండ్లు కాల్చి చూడమంటాను. ఒకేచోట పడ్డాయా, తుపాకీని వదిలేసి మన భుజాన్నీ ఊపిరినీ చూసుకోవాలి. చెదిరాయా, స్టాక్ బోల్టులు, సైట్ స్క్రూలు, బ్యారెల్‌లో పేరుకున్న సీసం, పెల్లెట్ డబ్బా వరసగా పరీక్షించాలి. అన్నీ కిందికే దిగుతుంటే గాలి సిలిండర్ గేజి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే జబ్బు ఏదో, మందు ఏదో తెలియదు.

ఎన్‌సీసీ పిల్లల .22 రైఫిల్ పేలకపోతే మాత్రం ఏ పరీక్షా వద్దు. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, చెయ్యెత్తి, కనీసం అర నిమిషం ఆగాలి. తూటాలోని మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. బోల్టు తెరవడం అధికారి చెప్పాకే.

2021 జూలై 25న టోక్యో ఒలింపిక్స్‌లో షూటర్ మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. 60 గుండ్లకు 75 నిమిషాలు. మరమ్మతుకు పోయిన పావుగంట పైచిలుకు తిరిగి రాలేదు. అయినా మను 575 సాధించింది. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ పోయి 12వ స్థానంలో ఆగింది. ఆ ఒత్తిడిలో ఆ స్కోరు నాకు పతకంతో సమానం. 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు నిజంగానే వచ్చాయి.

షూటర్లు గగన్ నారంగ్, ఈషా సింగ్ ఎదిగిన హైదరాబాద్ గద్వాలకు దాదాపు 190 కిలోమీటర్లు. వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలకూ దూరాభారమే. చిన్న స్క్రూ కోసం అంతదూరం బస్సెక్కించకూడదు. మన ఫైరింగ్ క్యాంపుల్లో గురి నేర్పే రోజే, అధికారి ఎదుట, తుపాకీ శుభ్రం చేయడం, లోపం పట్టడం కూడా నేర్పాలి. ఈ పరీక్షల వరసను తెలుగులో పెద్దక్షరాలతో రాసి రేంజి గోడకు అంటించాలి.