రెండొడ్ల పాట

సింసిమియ్యా! వీణకున్న మెట్లు నీకు లేవు, సితారుకున్న మెడ నీకు లేదు. చెక్క గిన్నె మీద బిగించిన తోలు, దాని మీంచి కొమ్ముల్లా లేచిన రెండు కర్రలు, ఆ రెంటినీ కలిపే అడ్డకర్ర, ఆ అడ్డకర్రకు చుట్టిన తీగలు. ఇంతే నీ ఒళ్లు. పూర్వం తీగలు అయిదే. వాయించేవాళ్ల ఆశ పెరిగేకొద్దీ అవీ పెరిగాయి. ఒళ్లో ఇమిడిపోయేంత దానివి. ఇంత చిన్న ఒంట్లో ఒక సముద్రానికి సరిపడా పాట ఎలా దాచుకున్నావు తల్లీ!

దేశాలు తిరిగేవాళ్లు బ్యూనస్ ఐరిస్ వెళ్తే ఒక రాత్రి టాంగో చూస్తూ భోంచేయడం ఆనవాయితీ. శాన్ టెల్మో పేటలో గాయకుడు ఎద్ముందో రివేరో 1969లో తెరిచిన ఎల్ వియెహో అల్మసేన్ లాంటి చోట్ల దీపాలు తగ్గుతాయి, పళ్లేలు వస్తాయి, ఎదుట జంటలు అడుగులు కలుపుతాయి. వీపున సంచి తగిలించుకుని తిరిగే కుర్రాళ్లు కూడా ఆ పూటకు ఖర్చు లెక్క చూసుకోరు. నాకు ఆ రాత్రి సౌదీ అరేబియాలోని యాన్బులో దొరికింది. జంటలు లేవు, మధుపాత్రలు లేవు. ఎర్రసముద్రం ఉంది, చేపల అన్నం ఉంది, నువ్వు ఉన్నావు.

యాన్బు మదీనాకు రేవు. ఈజిప్టు ధాన్యం ఇక్కడ దిగి ఒంటెల మీద మదీనా చేరేది. హజ్ యాత్రికులు కూడా ఇక్కడ ఓడ దిగేవాళ్లు. పాత పేట ఇళ్లు పగడపు రాళ్లతో కట్టినవి. వాటి ముఖాన చెక్కతో అల్లినట్టున్న రోషాన్లు, గాలి లోపలికి వచ్చి చూపు బయటే ఆగిపోయే కిటికీలు. 1916లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ బస చేసిన ఇల్లు బాగుచేసి చూపిస్తున్నారు. వచ్చినవాళ్లంతా ఆ గుమ్మం ముందు ఫొటోలు దిగుతారు. నా మనసు మాత్రం అక్కడికి దగ్గర్లోనే ఉన్న రాత్రి బజారు మీదే నిలిచింది. ఒడ్డుకు చేరిన పడవల చేపలు, పల్లెల నుంచి వచ్చిన ఖర్జూరం, తేనె, నెయ్యి రాత్రిపూట చేతులు మారిన బజారు అది. రేవుకు పగలు పని, రాత్రి బతుకు. నువ్వు ఆ రాత్రి సొత్తువి.

ముందు భోజనం వచ్చింది. ఉల్లిపాయను నల్లబడే దాకా వేయించి, చేప ఉడికిన నీళ్లలో ఆ ఉల్లి రంగు దిగేలా వండిన అన్నాన్ని సయ్యాదియా అంటారు. దాని మీద నాజిల్ చేప. ఒంటి నిండా చుక్కలున్న ఎర్రటి ఈ చేప అంటే ఇక్కడివాళ్లకు ప్రాణం. పక్కన చిన్న గిన్నెలో హుమర్, అంటే చింతపండు పులుసు. గోదావరి ఒడ్డున అమ్మమ్మ పెట్టిన చేపల పులుసు ముద్దలాగే ఆ మొదటి ముద్ద గొంతులో కాసేపు ఆగింది. చింతపండును అరబ్బులు హిందూ దేశపు ఖర్జూరమనే పిలిచారు. మన పులుపు ఎప్పుడో ఓడెక్కి ఈ రేవులో దిగింది. ఇక ఈ ఊరు పరాయి ఊరెలా అవుతుంది?

ఆ తర్వాత నిన్ను తెచ్చారు. ఒంటిమీద తెల్లటి పొడుగు అంగీ తోబు, తలకు పసుపు దారంతో కుట్టుపని చేసిన గబానా పాగా. వాయించేవాడు పెద్ద వయసువాడు. నిన్ను పొట్టకు ఆనించుకున్నాడు. కుడిచేతిలో చిన్న పలకతో తీగలన్నిటినీ ఒక్కసారే మీటాడు. అన్నీ ఒక్కసారి మోగితే అది రొద అవ్వాలి, పాటెలా అయింది? అతని ఎడమచేయి చూశాక తెలిసింది. ఆ అయిదు వేళ్లూ తీగల వెనక ఉన్నాయి. అక్కర్లేని తీగను వేలు వెనకనుంచి తాకి ఆపుతుంది, కావలసినదాన్ని వదిలేస్తుంది. కుడిచేయి అన్నిటినీ పలకరిస్తుంటే ఎడమచేయి ఒక్కో మాటనే గడప దాటనిస్తుంది. బొటనవేలి పక్క గోరు అరిగి, చర్మం కాయ కాచి ఉంది. అతని జీవితమంతా ఏ తీగను ఆపాలో తెలుసుకోవడంలోనే గడిచి ఉంటుంది.

సింసిమియ్యా, నీ పాట ఆపిన తీగల పుణ్యం!

ఒకతను కస్రా అందుకున్నాడు. హిజాజ్ అనే ఈ తీరపు రేవుల చిన్న పద్యం అది, రెండే బైతులు, అంటే రెండే పాదజంటలు. అక్కడికక్కడ కట్టి విసురుతారు, ఎదుటివాడు అదే అల్లికలో బదులు చెప్పాలి. మన అవధానుల సభలో పృచ్ఛకుడు మాట విసిరినప్పుడు పుట్టే ఉత్కంఠే ఇక్కడా పుట్టింది. ప్రియురాలు, పడవ, గాలి, దూరం. పక్కన కూర్చున్న యువకుడు అర్థం చెప్పబోయి చేతులెత్తేశాడు, నవ్వి చప్పట్లలో కలిశాడు. చప్పట్లు నీకు తాళం. ఒకరు ఒకటి కొడితే మరొకరు దాని సందులో కొడతారు, ఆ రెంటి నడుమ ఇంకొకరు దూరతారు. వర్షం రేకు మీద పడ్డట్టు పెరిగి పెరిగి, ఇద్దరు మగవాళ్లు కూర్చోలేక లేచారు. భుజాలు వదులు, మోకాళ్లు వదులు, పాదాలు మాత్రం చురుకు. పడవ తట్టు మీద అలవాటైన నడక అది. నేల కదలకపోయినా కదులుతున్నట్టే ఆడారు. ఒకరినొకరు తాకలేదు, చూపు మాత్రం తెగనివ్వలేదు. టాంగోలో అరచేయి వీపు మీద ఆని చేసే పనిని ఇక్కడ చూపు చేసింది.

టాంగో కూడా రేవు బిడ్డే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రియో డి లా ప్లాటా నదీముఖానికి రెండు వైపులా, బ్యూనస్ ఐరిస్‌లో, మాంటెవీడియోలో, ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి ఓడ దిగిన కూలీలు, బానిసత్వం వదిలించుకున్న ఆఫ్రికా సంతతి జనం ఇరుకు గదుల్లో కలిసి బతికిన చోట పుట్టింది. దాని గుండె చప్పుడైన బాండోనియన్ అనే వాద్యం జర్మనీలో పుట్టి సముద్రం దాటి వచ్చింది. నీ సంగతీ అంతే. నీ అక్కచెల్లెళ్లు నూబియాలో తంబూరా పేరుతో ఉన్నారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక పోర్ట్ సయీద్, ఇస్మాయిలియా, సూయజ్ కూలీల రాత్రుళ్లను నువ్వే వెలిగించావు. ముందు ఏ ఒడ్డున పుట్టావని రెండొడ్ల వాళ్లూ మురిపెంగా వాదించుకుంటారు. వాదించుకోనీ. దొరికిన చెక్కపెట్టె, దొరికిన ఇనుప తీగ చాలు నీకు. పేదవాడి చేతికి అందని రోజు నీకు లేదు.

ఒక విషయం తెలిసి నా ఒళ్లు పులకరించింది. 2009లో అర్జెంటీనా, ఉరుగ్వే కలిసి అడిగితే యునెస్కో టాంగోను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సమావేశం జరిగింది అబుదాబిలో, అరబ్బు నేల మీద. 2024 డిసెంబరులో ఈజిప్టు, సౌదీ అరేబియా కలిసి అడిగితే నీ తయారీనీ, నిన్ను వాయించడాన్నీ అదే జాబితాలో చేర్చారు. ఆ సమావేశం జరిగింది పరాగ్వే రాజధాని అసున్సియన్‌లో. ఆ ఊరి పక్కన పారే నది పరానాలో కలిసి, టాంగో పుట్టిన నదీముఖానికే చేరుతుంది. వాళ్ల పాటకు మీ ఇంట్లో పట్టాభిషేకం, నీ పాటకు వాళ్ల పెరట్లో పట్టాభిషేకం! ఎవరూ అనుకుని చేసింది కాదు. అయినా నీళ్ల దారులకు ఇలాంటివి తెలుసునని నా నమ్మకం.

మన అమరావతి శిల్పాల్లో విల్లులా వంగిన వీణలున్నాయి. ఒళ్లో పెట్టుకుని విడి తీగలు మీటిన కాలం మనకూ ఉంది. ఆ వీణ మన దగ్గర రాతిలో మిగిలింది. దాని దూరపు చుట్టానివి నువ్వు, ఇంకా మనిషి ఒడిలో వెచ్చగా ఉన్నావు. అందుకే నిన్ను చూస్తే కాస్త అసూయ, చాలా ఆనందం.

పాత రేవుకు దక్షిణాన మరో యాన్బు ఉంది. 1975లో ఏర్పడిన రాయల్ కమిషన్ ఇసుక మీద లేపిన పారిశ్రామిక నగరం. తూర్పు చమురు క్షేత్రాల నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల గొట్టపు దారి వచ్చి అక్కడ ఆగుతుంది. కర్మాగారాలు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనులకు వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు, డ్రైవర్లలో జగిత్యాల, నిజామాబాద్, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల మనవాళ్లు ఉన్నారు. ఆ రాత్రి నా పక్క బల్ల దగ్గర ఒక తమ్ముడు కూర్చున్నాడు. నా ఫోన్‌లో తెలుగు మాట వినపడి పలకరించాడు.

"పాటేం జెప్తుందో నాకు ఎర్కలేదన్నా. గని ఇంటిది యాదికొస్తది" అన్నాడు.

నేను పుస్తకాల్లో చదివిందంతా ఆ ఒక్క మాటకు సాటి రాదు. ఓడ దిగి పని వెతుక్కున్నవాళ్లు కట్టిన పాటవి నువ్వు. విమానం దిగి పని చేసుకుంటున్న ఈ తమ్ముడికి నీ మీద హక్కు లేదని ఎవరనగలరు? విశాఖ రేవు కళాసీలు బరువులెత్తుతూ పాడిన పాటలకూ నీ కుదుపే ఉంది. రెండు దేశాలు చేయి కలిపి నిన్ను కాపాడుకున్నట్టు వాటినీ మనం కాపాడుకోవాలి. పాడిన పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.

యాన్బులో ఉన్న అన్నలారా, తమ్ముళ్లారా! వచ్చే గురువారం డ్యూటీ దిగాక రూముల్లో ఫోన్ల ముందు ఒరగకండి. నలుగురూ కలిసి బండి మాట్లాడుకుని పాత రేవుకు రండి. సయ్యాదియా తినండి, హుమర్ ఇంకో గిన్నె అడగండి. సింసిమియ్యా మోగితే వెనక నిలబడకండి, దగ్గరికి జరిగి కూర్చోండి. భాష రాకపోయినా చప్పట్లు వస్తే చాలు, వాళ్లు చోటిస్తారు.