సన్ జూకు అంగడి వ్యాఖ్యానం

చైనా యుద్ధశాస్త్రకారుడు సన్ జూ గ్రంథాన్ని వ్యాపారానికీ, జీవితానికీ అన్వయించే ఇంగ్లీషు పుస్తకాలు రైల్వేస్టేషను కొట్లలో సైతం దొరుకుతున్నాయి. మన విద్యార్థులు కొందరు వీటినే మూలమనుకొంటున్నారు. మూలం పదమూడు అధ్యాయాల చిన్న గ్రంథం. 1772లో ఫ్రెంచిలోకి వచ్చింది. 1972లో షాన్‌డాంగ్ రాష్ట్రంలోని ప్రాచీన సమాధులలో వెదురు బద్దలపై రాసిన ప్రతి బయటపడింది.

వ్యాపార వ్యాఖ్యాతల పద్ధతి సులువైనది. శత్రువు అన్నచోట పోటీ కంపెనీ, సేనాని అన్నచోట మేనేజరు, భూభాగం అన్నచోట మార్కెట్టు. ఒక మాట తీసి మరొకటి పెట్టి చూడడం భాషాశాస్త్రంలో మాకు అలవాటైన పరీక్షే. ఈ పరీక్షలో కొనుగోలుదారుకు స్థానం దొరకదు. యుద్ధంలో పక్షాలు రెండు; బజారులో మూడో మనిషి ఉన్నాడు, అతడు ఎవరికీ శత్రువు కాడు. పది బట్టల కొట్లున్న వీధికే జనం వస్తారని ఏ ఊరి వర్తకుడైనా చెప్తాడు. పక్క కొట్టు మూతపడితే మనకు గెలుపేనా?

అసలు లెక్కలున్నది రెండో అధ్యాయంలో. లక్షమంది సైన్యాన్ని నడపడానికి రోజుకెంత బంగారం ఖర్చవుతుందో, దూరం నుంచి ధాన్యం మోయించడం వల్ల ప్రజలు ఎలా చితికిపోతారో అక్కడ చూపి, యుద్ధాన్ని సాగదీయవద్దంటాడు. మేము చూసిన వ్యాపార పుస్తకాలలో మోసం, మాటు మీద పేజీలకు పేజీలు ఉన్నాయి. ఈ ఖర్చు మాట మాత్రం ఒకటి రెండు వాక్యాలలో దాటిపోయింది.

తెలుగులో 'స్ట్రాటజీ'ని వ్యూహం అంటున్నాం. మాట స్థిరపడింది, మార్చమనడం లేదు. కాని భారతం విన్న చెవికి వ్యూహమంటే పద్మవ్యూహం, క్రౌంచవ్యూహం. అంటే సేనను ఒక ఆకారంలో నిలపడం. సన్ జూ ఆరో అధ్యాయంలో సేనను నీటితో పోలుస్తాడు, నిలకడైన ఆకారమే వద్దంటాడు. ఎత్తుగడ అన్న మాట కొంత దగ్గర, అయితే అందులో కాస్త జిత్తుల వాసన ఉంది. నాలుగు గళ్ళ పటం గీసి సూత్రం చేతిలో పెట్టే మేనేజిమెంటు పుస్తకాలు నీటిని పెట్టెలో పోస్తున్నాయి.

జీవితానికి అన్వయించడం దగ్గర మాకు అభ్యంతరం ఎక్కువ. ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సిద్ధమవుతూ, గదిలో తనతో ఉండే స్నేహితుడికి నోట్సు ఇవ్వకపోవడాన్ని సన్ జూ పేరుతో సమర్థిస్తూ ఒక విద్యార్థి మాకు సెమినారు పత్రం ఇచ్చాడు. ఇద్దరూ ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చినవారే. పత్రంలో భాష బాగుంది. మేము ఒకటే అడిగాం: "నువ్వు ఏ రాజు తరఫున యుద్ధం చేస్తున్నావు?" ఆ గ్రంథంలో సేనాని తన కోసం పోరాడడు. రాజు ఆజ్ఞ, రాజ్య రక్షణ, ప్రజల ప్రాణాలు అతని తలమీద ఉంటాయి. కోపంతో యుద్ధానికి దిగవద్దని పన్నెండో అధ్యాయం రాజుకే హెచ్చరిక చేస్తుంది. ఆ బరువు తీసేశాక మిగిలేది ఒట్టి దాపరికం. పత్రం తిరిగి రాస్తానని తీసుకువెళ్ళాడు.

చదవదలచినవారు లయనెల్ జైల్స్ 1910 నాటి ఇంగ్లీషు అనువాదంతో మొదలుపెట్టవచ్చు. అందులో చైనా మూలమూ, పాత వ్యాఖ్యాతల అభిప్రాయాలూ ఉన్నాయి. ఆ వ్యాఖ్యాతలు ఒకరితో ఒకరు విభేదించే చోట్లు వదలకుండా చదవండి.