మెత్తనా, కరకరా?

ప్రొద్దుటూరు టిఫిన్ బండ్ల దగ్గర తెగని తగువొకటుంది: ఎర్రకారం దోసె మెత్తగా ఉండాలా, కరకరలాడాలా? ఇటలీలోనూ ఇదే గొడవ. నేపుల్స్ పిజ్జా అంచు ఉబ్బి మెత్తగా ఉంటుంది, రోమ్‌ది పలుచగా విరుగుతుంది. నేపుల్స్ పనితనాన్ని 2017లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కించింది. మన దోసె మాస్టరుకు ఆ యోగం ఇంకా పట్టలేదు.

అతని చెయ్యి చూడాల్సిందే. కాలిన పెనం మీద నీళ్లు చిలకరించి, చీపురుతో ఊడ్చి, గరిటెడు పిండి తిప్పుతాడు. తడి ఆరీ ఆరకముందే ఎండుమిరప, ఉల్లి, వెల్లుల్లి నూరిన కారం పూస్తాడు. పైన పప్పుల పొడి, అంచుల వెంట నెయ్యి. కారం తొందరపడితే పిండిలో కలిసిపోతుంది, ఆలస్యమైతే అంటదు.

ఇక తగువు సంగతికొస్తే, దోసె మరీ పలుచనైతే నోట్లో కారమే మిగులుతుంది. కాస్త మందమే మేలు.

గండికోటకు పోతూ జమ్మలమడుగులో ఆగినా, పులివెందులలో తిన్నా, "అన్నా, కారం తగ్గించు" అని ముందే చెప్పుకోవాలి. చెప్పినా పెద్దగా తగ్గదు.