ఛాతీ మీదా, నుదుటి మీదా, మగ్గం మీదా?

కొండబాటల్లో సైకిల్ తొక్కేవాళ్లు యాక్షన్ కెమెరా కొన్న మొదటి రోజునే ఒక చిక్కులో పడతారు. దీన్ని ఎక్కడ బిగించాలి? హెల్మెట్ మీద పెడితే తల ఎటు తిరిగితే బొమ్మ అటు తిరుగుతుంది, కానీ నిట్టనిలువు దిగుడు కూడా వీడియోలో చదునుగా కనిపిస్తుంది. ఛాతీ పట్టీకి తగిలిస్తే చేతులూ హ్యాండిలూ మోకాళ్లూ కనిపిస్తాయి, వేగం తెలుస్తుంది, తల తిప్పి చూసినదేదీ మాత్రం అందులోకి రాదు. హ్యాండిల్‌బార్‌కే బిగిస్తే ప్రతి రాయి అదురూ బొమ్మలోకి ఎక్కుతుంది. కెమెరా అదే, బాట అదే, తొక్కే మనిషీ అతనే. కట్టిన చోటు మారితే చూసేవాడికి దక్కేది మారిపోతుంది.

నిజానికి ఈ వ్యాపారంలో కెమెరా కంటే పట్టీయే ముందు పుట్టింది. గోప్రో కంపెనీని నిక్ వుడ్‌మన్ 2002లో మొదలుపెట్టినప్పుడు ఆయన చేయాలనుకున్నది సర్ఫింగ్ చేసేవాళ్లు తమ దగ్గరున్న కెమెరానే మణికట్టుకు కట్టుకునే పట్టీ. ఆ పట్టీకి తగ్గ కెమెరా 2004లో వచ్చింది, అదీ ఫిల్మ్ రీలుతో.

ఎక్కడ కట్టాలన్న ఆ ప్రశ్నను మహారాష్ట్రలోని షోలాపూర్ తూర్పు పేటల్లోకి, మగ్గాల మధ్యకు తీసుకెళ్లడమే ఈ వ్యాసం పని. నేతను వీడియో తీయడానికి వచ్చేవాళ్లు సాధారణంగా గుమ్మం దగ్గర స్టాండు పెట్టి తీసుకుపోతారు. అందులో నేతగాడి వీపు, ఊగే పలక, రంగురంగుల పడుగు కనిపిస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, దాన్ని చూసి ఒక్క పోగు అతకడం కూడా ఎవరూ నేర్చుకోలేరు. అది చుట్టపుచూపుగా వచ్చినవాడు చూసిన మగ్గం. నేసేవాడు చూసే మగ్గం కావాలంటే కెమెరా అతని ఒంటి మీదికి రావాలి. ఒంటి మీద ఎక్కడ అన్నది తేలాలంటే పనిలో ఏ ఘడియకు ఏ అవయవం ముందుంటుందో తెలియాలి.

షోలాపూర్ నేత, తెలుగు నేత

నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలు బతుకుతెరువు వెతుక్కుంటూ షోలాపూర్ చేరాయి. 1877లో అక్కడ మొదటి నూలు మిల్లు వెలిసింది. మిల్లుల్లో పనిచేసినవాళ్లు చేశారు, ఇంట్లో మగ్గం వేసుకున్నవాళ్లు వేసుకున్నారు. సాఖర్ పేఠ్, భద్రావతి పేఠ్, అశోక్ చౌక్ వైపు నడిస్తే ఇప్పటికీ మరాఠీ బోర్డుల కింద తెలుగు మాటలు వినిపిస్తాయి. నారళీ పున్నమినాడు, అంటే మన రాఖీ పున్నమికి, మార్కండేయుడి రథం ఊరేగుతుంది. మగవాళ్లు మగ్గం మీద ఉంటే ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడిపారు. 1980 తర్వాత లోక్‌సభలో షోలాపూర్ తరఫున కూర్చున్న గంగాధర్ కుచన్, ధర్మణ్ణ సాదుల్ ఈ సమాజం వాళ్లే.

మన ఇళ్లలో పెట్టెల్లో మడతపెట్టి ఉండే షోలాపూర్ దుప్పటి ఇక్కడిదే. మహారాష్ట్రలో భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి సరుకు ఆ చద్దరు. టర్కీ టవలుకూ ఆ గుర్తింపు ఉంది. చేతిమగ్గాలు తగ్గిపోయి ఇప్పుడు నేత చాలావరకు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, సాగుతోంది. వీటిలో పేకను మోసుకెళ్లే నాడెతో నడిచే పాతరకం సాంచెలను తీసేసి, నాడె లేని కొత్త యంత్రాలు పెడుతున్నారు. చేతిమగ్గం పనీ నాడె సాంచె పనీ రెండూ తెలిసిన తరానికి వయసు మీద పడుతోంది. వీడియో తీయాల్సిన అవసరం అక్కడ ఉంది.

చేతుల పనికి ఛాతీ

చేతిమగ్గం మీద నేతగాడి కుడిచెయ్యి తాడు లాగుతుంది, నాడె పడుగు మధ్య నుంచి దూసుకుపోతుంది. ఎడమచెయ్యి పలకను ముందుకు లాగి పేకను బట్టకు కొడుతుంది. ఈ రెండు చేతుల మధ్య ఉన్న లయే బట్ట నాణ్యం. పలక దెబ్బ ఒకచోట గట్టిగా, మరోచోట మెత్తగా పడితే బట్టలో అడ్డచారలు తేలతాయి. ఈ లయను పట్టడానికి ఛాతీ పట్టీ సరైన చోటు. రెండు చేతులూ, పడుగు పోగులను వరుసలో పట్టే దువ్వెనలాంటి పన్నె, అప్పుడే నేసిన బట్ట అంచూ ఒకే చట్రంలోకి వస్తాయి. సైకిల్ మీద ఛాతీ కెమెరాకు మోచేతులూ హ్యాండిలూ దొరికినట్టే ఇక్కడ పలకా తాడూ దొరుకుతాయి.

రెండు జాగ్రత్తలున్నాయి. నేతగాడు ముందుకు వంగి కూర్చుంటాడు కాబట్టి నిటారుగా నిలబెట్టి కోణం సరిచేస్తే, తీరా కూర్చున్నాక కెమెరా అతని ఒడిని చూస్తుంది. పట్టీ కట్టాక మగ్గంలో కూర్చోబెట్టి, నాలుగు సార్లు పలక కొట్టించి, అప్పుడు కోణం బిగించాలి. రెండోది దూరం. చాలా యాక్షన్ కెమెరాలు అతి దగ్గరి వస్తువును స్పష్టంగా చూపలేవు. జానెడు దూరంలోకి వచ్చిన పోగు మసకబారుతుంది. అందుకే పట్టీని మెడ దగ్గరికి వీలైనంత పైకి జరపాలి.

పలక మీదే కెమెరా పెడితే? అది హ్యాండిల్‌బార్ మీద పెట్టినట్టే. పలక నిలిచిపోయినట్టూ ప్రపంచమంతా ఊగుతున్నట్టూ కనిపిస్తుంది, ప్రతి దెబ్బకూ బొమ్మ అదురుతుంది. కెమెరాలో కుదుపు తగ్గించే ఏర్పాటు ఉన్నా, ఒక్క చట్రం లోపలే జరిగిన అదురును అది చెరపలేదు. సెన్సరు బొమ్మను వరుస వెంట వరుసగా చదువుతుంది గనక వణికే కెమెరాలో నిలువు గీతలు అలల్లా వంకరపోతాయి. అదీగాక పలక నడిమి భాగం నేతగాడి ఎడమచేతికి పట్టు. అక్కడ ఏది బిగించినా పనికి అడ్డమే.

గుంటలోనూ, పైనా

గుంట మగ్గంలో సగం నేత నేల కింద జరుగుతుంది. కాళ్లు తొక్కుడు చెక్కలను మారుస్తుంటే పడుగు రెండుగా విడిపోయి నాడెకు దారి ఇస్తుంది. ఛాతీ కెమెరాకు ఇది కనబడదు, గుమ్మం దగ్గరి స్టాండుకు అసలే కనబడదు. గుంట గోడకు చిన్న క్లాంపు వేసి, పాదాలకు ఎదురుగా, చెక్కల కంటే కొంచెం ఎత్తులో కెమెరా పెట్టాలి. ఇది ఒంటికి కట్టనక్కర్లేని చోటు. పాదం ఎప్పుడు కదిలింది, చెయ్యి ఎప్పుడు తాడు లాగింది అన్నది తెలియాలంటే రెండు కెమెరాలు ఒకేసారి నడవాలి, మొదట్లో ఒక చప్పట్ల చప్పుడు రెండింటిలోనూ పడాలి. తర్వాత ఆ చప్పుడును బట్టి రెండు వీడియోలనూ పక్కపక్కన పెట్టుకోవచ్చు.

షోలాపూర్ చద్దరుకు పేరు తెచ్చింది జాకార్డు. 1804లో ఫ్రాన్సులోని లియాన్‌లో జోసెఫ్ మారీ జాకార్డు రూపొందించిన పద్ధతి ఇది. డిజైను అట్టల మీద రంధ్రాలుగా ఉంటుంది. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దాని కొక్కెం నిలువుగానే ఉండి పైకి లేచే కత్తికి తగులుకుంటుంది, ఆ కొక్కేనికి వేలాడే పడుగు పోగు లేస్తుంది. రంధ్రం లేనిచోట అట్ట సూదిని నెట్టేస్తుంది, కొక్కెం పక్కకు ఒరిగి కత్తిని తప్పించుకుంటుంది, పోగు కిందే ఉండిపోతుంది. నెమలి మెడ వంపు తిరగాలన్నా, అంచులో పువ్వు విచ్చుకోవాలన్నా ఇలా లేచిన పోగులూ లేవని పోగులే కారణం. చద్దరు ముందువైపు ఒక రంగు పూస్తే వెనకవైపు అదేచోట రెండో రంగు కనిపించడమూ ఈ లేవడం, లేవకపోవడం వల్లనే.

ఇదంతా మగ్గం పైన ఉండే జాకార్డు పెట్టెలో జరుగుతుంది, దీన్ని చూపాలంటే కెమెరా పైకెక్కాలి. ఆ పెట్టెకే బిగిస్తే అదురు తప్పదు. ఇంటి దూలానికో గోడకో క్లాంపు వేసి, పొట్టి, గట్టి చెయ్యి ఒక్కటే వాడాలి. కీళ్లు పెరిగేకొద్దీ వణుకు పెరుగుతుంది. సైకిల్ మీదా ఇదే సూత్రం, మౌంటు ఎంత పొట్టిగా ఉంటే బొమ్మ అంత నిలకడ.

తెగిన పోగుకు నుదురు

నేతలో అసలు పనితనం బయటపడేది పోగు తెగినప్పుడు. వందల పోగుల మధ్య ఏది తెగిందో కన్ను ముందు పట్టుకుంటుంది, చెయ్యి తర్వాత కదులుతుంది. తెగిన కొసను వెనక నుంచి వెతికి తెచ్చి, ముక్క పోగు అతికి, పడుగు పోగును పైకీ కిందికీ కదిపే అల్లికలోంచి, పన్నె పంటిలోంచి తీసి, బట్ట అంచున బిగిస్తాడు. ఛాతీ కెమెరాలో ఇదంతా వేళ్ల గందరగోళంగా కనిపిస్తుంది. నుదుటి పట్టీకి కట్టిన కెమెరాలో మాత్రం చూపు ఏ దారిన నడిచిందో తెలుస్తుంది. మొదట బట్ట మీద సన్నని గీత, అక్కడినుంచి పన్నె, అక్కడినుంచి వెనక్కి. నేర్చుకునేవాడికి కావలసింది ఆ దారే.

సాంచెల షెడ్డులో నుదుటి పట్టీకి ఇంకా పని ఉంది. అక్కడ మనిషి ఒకేచోట కూర్చోడు. ఒకటికి మించిన సాంచెల మధ్య తిరుగుతూ పేక నూలు చుట్టిన కండె అయిపోకముందే మార్చాలి, పోగు తెగగానే ఆపాలి. అతని ఛాతీ నడవాను చూస్తుంటే కళ్లు నాలుగు దిక్కులా చూస్తుంటాయి. కెమెరా బరువు సుమారు 150 గ్రాములే, అయినా గంటసేపు నుదుటి మీద ఉంటే మెడ నొప్పి పుడుతుంది. బొటనవేలంత చిన్న కెమెరా దొరికితే టోపీ అంచుకు తగిలించడం మేలు.

ఇక్కడ ప్రమాదం మాట కచ్చితంగా చెప్పాలి. సాంచెకు తిరిగే బెల్టులుంటాయి, చక్రాలుంటాయి, నాడెను తన్నే కర్ర ఉంటుంది. ఛాతీ పట్టీ కొసలు వేలాడుతుంటే అవి చక్రంలో పడతాయి. సైకిల్ మీద కెమెరా ఊడిపోకుండా కట్టే రక్షణ తాడు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది, అది వద్దు. మెడలో వేసుకునే పట్టీ ఏ రకమైనా వద్దు. పట్టీ కొసలు మడిచి టేపు వేసి, పైన బిగువైన బనియను వేయించాకే సాంచె దగ్గరికి వెళ్లనివ్వాలి.

టవలు, ట్యూబులైటు

టర్కీ టవలు మీద లేచే ఉంగరాలు ఎలా వస్తాయో కంటితో పట్టుకోవడం కష్టం. టవలుకు రెండు పడుగులుంటాయి. ఒకటి బిగువు, రెండోది వదులు. రెండు పేకలను బట్ట అంచుకు కొంచెం దూరంలో ఆపేస్తారు. మూడో పేకకు పన్నె పూర్తిగా ముందుకొచ్చి మూడింటినీ కలిపి నెడుతుంది. బిగువు పడుగు మీద పేకలు జారతాయి, వదులు పడుగు మాత్రం వాటితోపాటు ముందుకొచ్చి ఉంగరాలై లేస్తుంది. ఆ ఉంగరాలే నీటిని పీల్చుకుంటాయి.

ఈ క్షణానికి స్లోమోషన్ కావాలి. సెకనుకు 120 చట్రాలు తీసి 30 చొప్పున చూపితే నాలుగింతలు నెమ్మదిస్తుంది. కానీ మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, ఆ మిణుకు స్లోమోషన్‌లో వెలుగునీడల అలగా పడుతుంది. కిటికీ వెలుతురులోనే స్లోమోషన్ తీయాలి. మామూలు వేగానికి సెకనుకు 25 లేదా 50 చట్రాలు, షట్టరు సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు పెడితే మిణుకు తగ్గుతుంది. ఇక దూది ధూళి సంగతి. షెడ్డులో గాలిలో తేలే నూగు గాజు మీద పేరుకుంటుంది. కండె మార్చిన ప్రతిసారీ గాజు తుడవడం అలవాటు చేసుకోవాలి.

కెమెరాకు అందనిది

ఇన్ని చోట్ల కెమెరాలు కట్టినా అందనివి ఉంటాయి. పడుగు బిగువు వేలికి తెలుస్తుంది, గాజుకు తెలియదు. సాంచె లయ తప్పిందని నేతగాడికి ముందు చెప్పేది చెవి. షెడ్డు హోరులో కెమెరా మైకుకు ఆ తేడా దొరకదు. గంజి సరిపోయిందా లేదా అన్నది పోగును రెండు వేళ్ల మధ్య లాగి చూసి చెప్పేస్తారు. వీడియోలో అది ఒక చెయ్యి ఒక పోగును తాకినట్టు మాత్రమే ఉంటుంది.

దానికి ఒక మార్గం ఉంది. తీసిన వీడియోను మర్నాడు ఆ నేతగాడి ముందే పెట్టి, నెమ్మదిగా నడుపుతూ, ఇక్కడ ఎందుకు ఆగారు, ఆ పోగును ఎందుకు తాకారు అని అడగాలి. ఆయన షోలాపూర్ తెలుగులో, మధ్యలో మరాఠీ మాటలు దొర్లుతుండగా చెప్పేదాన్ని రికార్డు చేసి ఆ వీడియోకే జోడించాలి. నుదుటి కెమెరా చూపు నడిచిన దారిని ఇస్తే, ఈ మాట ఆ దారి ఎందుకు పట్టారో చెబుతుంది. రెండూ కలిస్తేనే రేపు నేర్చుకునేవాడికి అక్కరకొస్తుంది.

నేతపనిలో కూలి నేసినదాన్ని బట్టి వస్తుంది. కెమెరా కోసం ఆగిన ప్రతి గంటా ఆ ఇంటికి నష్టమే. డిజైను అట్టలు నేయించే యజమాని సొత్తు, చూపేముందు ఆయన్నీ అడగాలి. ఇక కొనుగోలు వరుస ఇలా ఉంటే మంచిది: ముందు నుదుటి పట్టీ, తర్వాత ఛాతీ పట్టీ, ఆపైన ఒక పొట్టి క్లాంపు. ఈ మూడు చాలు. నాలుగో మౌంటు కొనబోయే డబ్బును పక్కన పెట్టి, వీడియో తీసిన రోజుకూ, మర్నాడు కూర్చుని మాట్లాడిన రోజుకూ కలిపి నేతగాడికి రెండు రోజుల కూలి ఇవ్వండి. అది మొదటి ఖర్చు కావాలి.