కాలువ పని, బాప్తిస్మము: క్లౌ గ్రంథముపై ఒక పరిశీలన

సంఘము వెలుపలివారి మధ్య పరిచర్యకు ప్రణాళిక వేయునప్పుడు మన సేవకులు తరచుగా జ్ఞాపకము చేసికొను సంఖ్య 2,222. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమున బాప్తిస్మము పొందినవారు వీరు. అయితే ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ చెప్పగా ఆయన భార్య ఎమ్మా వ్రాసిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ (1914) చదువగా, ఆ దినమునకు ముందు జరిగినదే ముఖ్యమని మాకు తోచినది.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును కాంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. బోధకులు ఆ పనివారి మధ్యనే మెలగిరి. కాని సహాయము సాగుచున్నంతకాలము ఆయన బాప్తిస్మములు నిలిపివేసెను. కూటి కొరకు చేరిరను నిందకు చోటీయకపోవుటయే ఇందలి వివేకము.

గ్రంథములో లోపమును కలదు. కథ అంతయు మిషనరీ నోటనే సాగును. మట్టి మోసిన మాదిగ కూలీల స్వరము నేరుగా వినబడుట అరుదు.

నేడు కౌకూర్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో భవన నిర్మాణ కూలీల మధ్య పరిచర్య తలపెట్టు సేవకులు ఈ రెంటినుండియు నేర్చుకొనవలెనని మా మనవి. సహాయమును సభ్యత్వమునకు ఎరగా చేయకూడదు. ప్రణాళిక వ్రాయకముందే వారి మాట వినవలెను.