తుక్కు లోహమునుండి లేతు: గింగరీ గ్రంథమాలపై ఒక పరిశీలన

శ్రీ సత్యసాయి జిల్లాలోని తలుపుల మండలము మెట్టపంటల సీమ. వేరుసెనగ చేను, బోరుబావి ఇచ్చటి రైతుకు ఆధారములు. బోరు మోటారు ఇరుసు అరిగినను, ట్రాక్టరు బుష్షు వదులైనను పని నిలిచిపోవును. ఆ భాగమును లేతు గల పనిశాలకు చేర్చి, అచ్చట వంతు వచ్చువరకు వేచియుండవలెను. ఇట్టి చోట లేతును, దాని అనుబంధ సాధనములను ఇంటివద్దనే చేసికొనవచ్చునని చెప్పు గ్రంథము ఆకర్షించుట సహజము. ఆ గ్రంథమును ఉపాధ్యాయుడు తన విద్యార్థి చేతికి ఈయవచ్చునా? ఇచ్చినచో ఏ జాగ్రత్తలు చెప్పి ఈయవలెను?

అమెరికా దేశస్థుడగు డేవిడ్ గింగరీ (1932–2004) వ్రాసిన గ్రంథమాల ఈ విషయమున ప్రసిద్ధి గన్నది. 1980వ దశకపు తొలి సంవత్సరములలో వెలువడిన ఈ మాలలో ఏడు సంపుటములు కలవు. మొదటిది బొగ్గు కొలిమిని గూర్చినది. రెండవది లేతు. తరువాత షేపరు, మిల్లింగ్ యంత్రము, డ్రిల్లింగ్ యంత్రము వరుసగా వచ్చును. ఆరవ సంపుటము డివైడింగ్ హెడ్డును, ఇతర అనుబంధ సాధనములను వివరించును. ఏడవది రేకులను వంచు యంత్రమును గూర్చినది. తుక్కు అల్యూమినియంను కరగించి, ఇసుక అచ్చులలో పోతపోసి, ఆ పోతలనుండి యంత్రములను నిర్మించుట ఈ గ్రంథకర్త మార్గము.

ఈ వరుసలోనే గ్రంథకర్త ప్రతిభ ఉన్నది. కొలిమి లేతును ఇచ్చును; లేతు తక్కిన యంత్రములను ఇచ్చును. అంతకన్న ముఖ్యముగా, సగము పూర్తియైన లేతుచేతనే దాని మిగిలిన భాగములను చెక్కించుట ఈ పద్ధతికి ప్రాణము. మంచపుకోళ్ళను తరిమెన పట్టు వడ్రంగికి లేతు సూత్రము క్రొత్త కాదు; వస్తువు తిరుగును, ఉలి నిలిచియుండును. ఉలిని మనిషి చేతినుండి తప్పించి యంత్రమునకు అప్పగించినపుడే లోహపు లేతు పుట్టినది. 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్స్‌లే మరలు కోయు లేతును ఈ విధముగనే తీర్చిదిద్దినాడు. అతని పనిశాలలో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గో నగరమున సమతలములను గూర్చి ఒక వ్యాసము చదివినాడు. రెండు పలకలను ఒకదానికొకటి సరిచేసినచో ఒకటి ఉబ్బుగను మరియొకటి పల్లముగను ఉండి కూడ అతుకవచ్చును. మూడవ పలకను చేర్చి, మూటిని జతలు మార్చుచు సరిచేసినపుడే నిజమైన సమతలము లభించును. కచ్చితమైన వస్తువు లేకయే కచ్చితత్వమును సాధించు ఉపాయమిది. గింగరీ ఈ సంప్రదాయమునకు చెందినవాడు.

ఆరవ సంపుటమునకు విషయమైన డివైడింగ్ హెడ్డు తరగతిగదికి మిక్కిలి పనికివచ్చు సాధనము. వృత్తమును సమభాగములుగా విభజించుట దీని పని. సాధారణముగా వర్మ్‌ను నలుబది చుట్లు త్రిప్పినచో వస్తువు ఒక చుట్టు తిరుగును. 27 పండ్ల గేరు కావలెనన్నచో ఒక్కొక్క పంటికి 40/27, అనగా ఒక పూర్తి చుట్టు, మరి 27 రంధ్రముల వలయములో 13 రంధ్రముల దూరము త్రిప్పవలెను. భిన్నములు ఎందులకని అడుగు విద్యార్థికి ఇంతకన్న మంచి జవాబు దొరకదు.

అయితే ఆ 27 రంధ్రముల పలకను మొదట ఎట్లు చేయవలెను? కాగితపు పట్టీని 27 సమభాగములుగా గీచి, దాని పొడవునకు సరిపోవు చుట్టుకొలత గల కొయ్యబిళ్ళకు చుట్టినచో చాలును. గుర్తు ఒక డిగ్రీ తప్పినదనుకొందము. 60 మిల్లీమీటర్ల వ్యాసము గల గేరును ఆ బిళ్ళతో నేరుగా విభజించినచో పంటి స్థానము అంచువద్ద సుమారు 0.52 మి.మీ. తప్పును. అదే గుర్తును వర్మ్ ద్వారా వాడినచో దోషము నలుబదవ వంతుకు, అనగా 0.013 మి.మీ.కు తగ్గును. కాని వర్మ్ చక్రములోనే ఉన్న దోషము ఏ మాత్రము తగ్గక, యథాతథముగ పనిలోనికి వచ్చును. ఏ దోషము తగ్గును, ఏది తగ్గదు అను ఈ భేదమును పాఠకుడు సొంతముగ గ్రహించవలసియున్నది. ఇంటిలో సాధనములు చేయువానికి మొదట కావలసినది ఈ వివేకమే.

ఇక లోపములు. గింగరీ లేతులో అల్యూమినియం పోతపై ఉక్కు పట్టెలు మరలతో బిగింపబడును. అల్యూమినియం ఒక డిగ్రీ సెంటిగ్రేడుకు మీటరుకు సుమారు 0.023 మి.మీ. వ్యాకోచించును, ఉక్కు 0.012 మి.మీ. మాత్రమే. రేకుల కప్పు గల పనిశాలలో, చలికాలపు ఉదయమునకును వేసవి మధ్యాహ్నమునకును 20 డిగ్రీల భేదము రాయలసీమలో అరుదు కాదు. 300 మి.మీ. పొడవున రెండు లోహముల వ్యాకోచములో తేడా 0.066 మి.మీ. అగును. క్రింది అల్యూమినియం ఎక్కువ సాగుటచే పీఠము రెండు కొనలు పైకి లేచి నడుమ కుంగును. ఇది ద్విలోహ పట్టీని గూర్చిన పాఠమే.

ఈ లోపము పద్ధతిని త్రోసివేయుటకు చాలునా? చాలదు. ఉలి నిలువుగా 0.1 మి.మీ. జరిగినను, 10 మి.మీ. వ్యాసార్ధము గల కడ్డీలో తప్పు 0.0005 మి.మీ. మాత్రమే, పైథాగరస్ సిద్ధాంతముతో విద్యార్థి దీనిని సరిచూచుకొనవచ్చును. ఉలి అడ్డముగా జరిగినచో మాత్రము ఆ తప్పు పూర్తిగా వ్యాసార్ధములోనికి, రెట్టింపుగా వ్యాసములోనికి వచ్చును. పీఠము నిలువుగా వంగుటచే బయటి చెక్కుడుకు హాని తక్కువ. టెయిల్‌స్టాకునుండి రంధ్రము తొలుచునపుడు మాత్రము రెండు కేంద్రములు ఒకే ఎత్తున లేక బాధపెట్టును. కనుక మన ప్రాంతమున ఈ లేతును కట్టువారు దానిని ఏ వేడిమిలో వాడుదురో ఆ వేడిమిలోనే కేంద్రములను సరిచేసికొనవలెను.

రెండవ విషయము తుక్కు. ‘సిల్వరు’ గిన్నెలని జనులు పిలుచు పాత పాత్రలు దాదాపు శుద్ధ అల్యూమినియం. అవి పోతకు అంతగా పనికిరావు. చల్లారునపుడు ఎక్కువ కుదించుకొనును, చెక్కునపుడు ఉలికి జిగటగా అంటుకొనును. మోటారుసైకిలు, ట్రాక్టరు పిస్టనులు సిలికాన్ కలిసిన మిశ్రలోహము. అచ్చును చక్కగా నింపును, శుభ్రముగా తెగును. అన్నియు అంగుళములలో ఉన్న ఈ గ్రంథమును మన కొలతలలోనికి మార్చువారు, తుక్కును గూర్చిన ఈ వివరమును కూడ చేర్చుట అవసరము.

మూడవది అపాయము. గ్రంథకర్త తన పనికి తానే బాధ్యుడైన పెద్దవానిని ఉద్దేశించి వ్రాసినాడు. పాఠశాలకు అంతకు మించిన కట్టుదిట్టము కావలెను. అల్యూమినియం 660 డిగ్రీలవద్ద కరగును. తడి అచ్చులోని నీరు ఆ లోహము క్రింద ఆవిరియై 1,600 రెట్లకు పైగా విస్తరించి లోహమును చిమ్మును. జింకు అతిగా వేడెక్కినచో దాని పొగ జ్వరము తెచ్చును. మూసిన గదిలోని బొగ్గు కొలిమి కార్బన్ మోనాక్సైడును వదలును. తిరుగుచున్న చక్కువద్ద పంచె కొంగు, ఓణీ, విడిచిన జడ ప్రాణాంతకములు. అందుచే పోతపని విద్యార్థులచే చేయించరాదు.

ధర విషయము కూడ చెప్పవలసియున్నది. 1943లో సికింద్రాబాదున స్థాపితమైన ప్రాగా టూల్స్, 1953లో బెంగుళూరున స్థాపితమైన హెచ్.ఎం.టి. మన దేశమున యంత్రసాధనముల నిర్మాణమునకు పునాదులు వేసినవి. నేడు పాత లేతు, పాత చక్కు వెదకినచో కొనదొరకును. నెలల తరబడి శ్రమను లెక్కించినచో, బోరు మోటారు బాగుచేసి జీవించు పనివానికి కొనుటయే మేలు. గింగరీ లేతు అతని పనిశాలకు పోటీ కాదు.

కాని విద్యార్థికి ఈ లెక్క వర్తింపదు. 2016లో ప్రారంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలలో త్రీడీ ప్రింటరు, ఎలక్ట్రానిక్ పరికరములు ఉన్నవి. యంత్రమును యంత్రము పుట్టించు క్రమము అచ్చట కనబడదు. ఈ గ్రంథమాల దానిని కనబరచును. ఉపాధ్యాయులు మొదటి సంపుటమును తమవద్దనే ఉంచుకొని, ఆరవ సంపుటముతో ప్రారంభించుట మంచిది. కొయ్యబిళ్ళ, కాగితపు పట్టీ, ఒక మేకు చాలును. 27 పండ్ల గేరును అట్టపై కోయించి, అది మరియొక గేరుతో పట్టకుండ తిరుగుచున్నదా లేదా చూపినచో, దోషమును కొలుచుట ఏమో తరగతికి తెలియును. లేతు మాట తరువాత చూడవచ్చును.